వెన్న సీసా మీద ఎర్రగీతలు

"సీసా చూపిచ్చు."

పొద్దున ఏడింటికి ఫోను మోగితే ప్రమీలమ్మ నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. తిన్నావా, గేదెలు బాగున్నాయా అనేవి తర్వాతి మాటలు, అవీ గుర్తుంటే. కంటి ఆపరేషను కోసం నెల్లూరులో పెద్దకొడుకు రామనారాయణ ఇంటికి వెళ్ళిందావిడ. వెళ్ళింది మనిషే, మనసు మాత్రం దుత్తలూరు దగ్గర తన ఇంట్లో, ఫ్రిజ్జు మధ్య అరలో ఉంది. అందుకని ప్రతిరోజూ వీడియో కాల్లో తనిఖీ. చిన్నకోడలు సుకన్య ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో పెద్ద గాజుసీసాను ఎత్తి చూపించాలి. అంగళ్ళలో బిస్కెట్లు పోసి పెట్టుకునేంత సీసా అది. ఆ పూట చిలికిన వెన్న ఎంతవరకు వచ్చిందో అక్కడ గోళ్ళరంగుతో గీత గీయాలి. "ఇంకొంచెం కిందికి... ఆఁ, ఆడ గీయి" అని అత్త అన్నాకనే గీయాలి. పదకొండు రోజులకు పదకొండు ఎర్రగీతలు. సీసా అచ్చం స్కూలు పిల్లల స్కేలుబద్దలా తయారైంది.

ఆ ఇంట్లో వెన్నకు ఒక రాజ్యాంగం ఉంది. తెల్లారి అయిదింటికి లేచి చిలికేది సుకన్య. అదీ కవ్వంతోనే. మిక్సీలో చిలికితే నెయ్యికి వాసన రాదట. వెన్న కాచేది మాత్రం ప్రమీలమ్మ. నెయ్యి కాచే చెయ్యి ఇంటికి ఒకటే ఉండాలనీ, రెండో చెయ్యి పడితే పాడి తగ్గిపోతుందనీ ఆవిడ అత్తగారు చెప్పిందట, ఆవిడకు ఇంకో అత్తగారు చెప్పిందట. కాచిన నెయ్యి ఒక డబ్బా రామనారాయణ ఇంటికి, ఒక డబ్బా సుకన్య ఆడబిడ్డకు, ఎన్నికల కాలం వస్తే ఒక డబ్బా ఆత్మకూరులో లీడరు గారింటికి. ఇంట్లో మిగిలింది మొగవాళ్ళ పప్పులోకి. చిలికిన మనిషికి ఏముంది? మోచేతుల దాకా మజ్జిగ వాసన ఉంది.

పదిహేడేళ్ళుగా ఇంతే. అందులో ఒక్కసారి సుకన్య తప్పు చేసింది. దివ్యశ్రీ కడుపులో ఉంది అప్పుడు, అయిదో నెల. ఏం తిన్నా వాంతే. చిలుకుతుంటే ఆ తెల్లటి ముద్ద పైకి తేలింది చూడండి, నోట్లో నీళ్ళు ఊరినాయి. ఉసిరికాయంత తీసి నోట్లో వేసుకుని, మిగతా ముద్దను గుంట కనిపించకుండా వేళ్ళతో నున్నగా సర్దింది. ప్రమీలమ్మ వచ్చి చూసి, ముద్దను అరచేతిలో ఎత్తి బరువు చూసి, వాకిట్లో శనగకాయలు ఒలుస్తున్న కూలీలందరి ముందరా అంది: "మా ఇంట్లో ఇన్నాళ్ళు పిల్లికే భయపడినాం. ఇప్పుడు కోడలికి భయపడాలేమో." అందరూ నవ్వినారు. భర్త రాజమోహన్ కూడా నవ్వినాడు. ఆ నవ్వు తర్వాత సుకన్య వెన్నను చూసింది, చిలికింది, కడిగింది, గీతలు గీసింది. ముట్టుకున్న వేలు కూడా నోటి దగ్గరికి పోనివ్వలేదు. దొంగ అనే మాట ఎవరూ అనలేదు, కానీ అది ఆమె ఒంటి మీద అలాగే ఉండిపోయింది.

సరే, ఈసారి ఏమైందంటే, రెండు గేదెలూ వారం తేడాతో ఈనినాయి. పాల కేంద్రం వ్యాను చెడిపోయి నాలుగు రోజులుగా ఊళ్ళోకి రాలేదు. బిందెల కొద్దీ పాలు. తోడు వెయ్యడం, చిలకడం, తోడు వెయ్యడం, చిలకడం. సీసా గొంతుదాకా నిండిపోయింది. మిగతాది స్టీలు బేసిన్లో నీళ్ళు పోసి పెట్టింది. అది చాలదన్నట్టు శుక్రవారం మధ్యాహ్నం ఈదురుగాలికి స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. సాయంత్రానికి బేసిన్లో వెన్న మెత్తబడి, కొంచెం పుల్లటి వాసన మొదలైంది.

అత్తకు శనివారం ఆపరేషను, రెండురోజుల దాకా ఫోను ఉండదు. భర్త ఆత్మకూరులో పార్టీ మీటింగులో ఉన్నాడు. అతనికే ఫోను చేసింది.

"ఏమండీ, వెన్న చెడిపోయేట్టుండాది. నేను కాచేదా?"

"అమ్మ కాయొద్దనింది గదా. నువ్వు కాయబాక."

"అత్త వచ్చేతలికి కుళ్ళిపోతాది."

"కుళ్ళిపోనీ మే. నీదేం పోయినాది?" అని పెట్టేసినాడు.

సుకన్య ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. నీదేం పోయింది. అయిదింటికి లేచిన నిద్ర పోయింది, కవ్వం తాడు కోసుకుపోయి అరచేతుల్లో తోలు పోయింది, పదిహేడేళ్ళు పోయినాయి. నిజమే, వెన్న తనది అయితే కదా పోవడానికి! ఒళ్ళు మండిపోయింది ఆమెకు. ఆ మంటలోనే ఒక ఆలోచన వచ్చింది, వచ్చీ రాగానే నవ్వూ వచ్చింది. నెయ్యి కాయొద్దన్నారు. బాగుంది, కాయను. పిండిలో వెయ్యొద్దని ఎవరన్నారు? రొట్టె మీద పెట్టొద్దని ఎవరన్నారు? ఎవరూ అనలేదు! అసలు అలాంటి పని ఒకటి ఉంటుందని ఈ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

అప్పుడే దివ్యశ్రీ వచ్చింది. ఆత్మకూరు కాలేజీ హాస్టల్లో ఇంటరు చదువుతోంది. నాలుగు రోజుల సెలవులు. బస్సు దిగి బ్యాగు వసారాలో పడేసి, "మా, ఆకలి!" అని అరిచింది.

"జొన్నరొట్టె చేస్తా, కూచో."

పెనం మీద రొట్టె పొంగింది. దాన్ని కంచంలో వేసి, పక్కన తెల్లగడ్డ కారం పెట్టి, సుకన్య బేసిన్లో చెయ్యి ముంచింది. నిమ్మకాయంత వెన్న తీసి రొట్టె నడిమధ్యన పెట్టింది. వెన్న జారింది, కారంలో కలిసింది, ఎర్రగా రొట్టె అంచులదాకా పారింది. దివ్యశ్రీ కళ్ళు చక్రాలైనాయి.

"అవ్వ చూస్తే?"

"అవ్వకు రేపు ఆపరేషను. తిను."

పిల్ల ఒక తుంపు తిని కళ్ళు మూసుకుంది. రెండో తుంపు తుంచి అమ్మ నోటి దగ్గర పెట్టింది. "నువ్వెప్పుడైనా తిన్నావా మా?"

తిన్నాననాలి. అలా అంటే అబద్ధం. తినలేదనాలి. అలా అంటే పిల్ల ఎందుకని అడుగుతుంది. సుకన్య నోరు తెరిచింది. వేడి, కారం, ఉప్పు, ఆ వెనకనే చల్లగా వెన్న. అబ్బా! తాను చేసిన వస్తువు ఇంత బాగుంటుందని ఇన్నేళ్ళూ తనకే తెలియదు. ఆ పూట తల్లీ కూతుళ్ళు ఏడు రొట్టెలు తిన్నారు. ఏడోదాని మీద వెన్నతోపాటు బెల్లం తురుము కూడా వేసుకున్నారు.

శనివారం తెల్లారింది మొదలు వంటిల్లు తిరునాళ్ళే. ముందు దోసెలు. పెనం మీద పిండి తిప్పి, ఎర్రకారం పూసి, అంచుల వెంట నూనెకు బదులు వెన్న. చుయ్ మని మోగింది పెనం. ఆ వాసనకు గేదెల కొట్టం కడుగుతున్న తిరుపాలమ్మ చీపురు పక్కన పెట్టి వంటింటి గడప దగ్గరికి వచ్చింది. చెరువు కింద గుడిసెల్లో ఉంటుందామె. పొద్దున కొట్టంలో పని, సాయంత్రం మొగుడితో చెరువులో వల.

"ఏందమ్మా వాసన, ఊరంతా లేచిపోయేట్టుండాది!"

"లోపలికి రా తిరుపాలమ్మా. కూచుని తిను."

ఇన్నేళ్ళలో తిరుపాలమ్మకు ఆ ఇంట్లో ముట్టింది చెంబెడు మజ్జిగ. ఆమె గడప దాటి పీట మీద కూర్చుని, దోసె తుంచి వెన్నలో అద్దుకుంటూ అడిగింది, "నువ్వు తిన్నావా?"

"మీరంతా తిన్నాక తింటాలే."

"అదేందమ్మా!" తిరుపాలమ్మ నోరెళ్ళబెట్టింది. "మా ఇంట్లో గేదె లేదు, వెన్న లేదు. చేప పడితే మాత్రం కూర వండినోళ్ళదే మొదటి ముక్క. ఉప్పూ పులుసూ చూడాలి గదా! నడిమి ముక్కే తీసుకుంటా నేను. మా ఆయన తోక తింటాడు."

దివ్యశ్రీ పగలబడి నవ్వింది. సుకన్య కూడా నవ్వింది కానీ, ఆ నవ్వు మధ్యలోనే పొయ్యి మీది దోసెను మడిచి తన కంచంలో వేసుకుని, అక్కడే పీట లాక్కుని కూర్చుంది. వేడి దోసె తిని ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. ఎప్పుడూ చివరి రెండు దోసెలే, చల్లారినవి, పొయ్యి కడిగినాక.

ఇక ఆగలేదు. పుట్టింట్లో ఉన్నప్పుడు వంటంటే ఎంత సంబరపడేదో ఆ చేతులకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. మురుకులకు పిండి కలిపింది. నాలుగు గ్లాసుల బియ్యప్పిండి, ఒక గ్లాసు పుట్నాల పొడి, వాము, ఉప్పు, పిడికెడు వెన్న. నీళ్ళు పోయకముందే పిండిలో వెన్న బాగా రుద్దాలి. పిండిని గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే రాలిపోవాలి. అప్పుడే మురుకు నోట్లో కరుగుతుంది. దివ్యశ్రీ ఫోనులో చూసి, పాత కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, రాగిపిండి, బెల్లంపొడి, వెన్న కలిపిన బిళ్ళలను కంచంలో పెట్టి కాల్చింది. మొదటి వాయి మాడింది, రెండో వాయి పొడిపొడి అయింది, మూడో వాయి బిస్కెట్లు అయినాయి! ఇద్దరూ వంటింట్లో గంతులు వేసినారు. ముద్దపప్పులో వెన్న, మునగాకు వేపుడులో వెన్న, ఉడికించిన చిలగడదుంపల మీద వెన్న, మిరియాల పొడి. కొత్తిమీర, పచ్చిమిరప, తెల్లగడ్డ నూరి వెన్నలో కలిపి ఒక గిన్నెలో పెట్టుకుంటే, అన్నంలోకి అదొక్కటే చాలు, వేరే కూర అక్కర్లేదు. మధ్యాహ్నానికి బేసిను ఖాళీ.

సుకన్య గాజుసీసా వైపు చూసింది. పదకొండు ఎర్రగీతలు ఆమెను చూసినాయి. ఫ్రిజ్జు ఇంకా చచ్చే ఉంది. సీసా మూత తిప్పింది. అదే పుల్లటి వాసన. "పోతే పోనీ, నాదే పోయింది" అని పైకే అనుకుని, చెయ్యి లోపలికి పెట్టింది.

సాయంత్రం రాజమోహన్ వచ్చేసరికి మూడు డబ్బాల మురుకులు, ఒక డబ్బా బిస్కెట్లు. ఒక డబ్బా మురుకులు అప్పటికే తిరుపాలమ్మ ఇంటికి వెళ్ళిపోయింది, అది లెక్కలో లేదు. అతను చెయ్యి కడుక్కోకుండానే రెండు మురుకులు నోట్లో వేసుకున్నాడు.

"యాడియి మే ఇవి? ఉదయగిరిలో కొత్త అంగడి ఏమైనా పెట్టినారా?"

"ఇంట్లోయే."

"ఇంట్లోయా? ఇంట్లో ఇంత రుచి ఎట్లొచ్చినాది?"

"వెన్న వేసినాను."

నమిలే నోరు ఆగింది. "ఏ వెన్న? అమ్మ వెన్నా?" సుకన్య డబ్బా అతని ముందుకు జరిపింది. "చూడు, అమ్మడిగితే నువ్వే చెప్పుకోవాల. నన్ను మాత్రం దీంట్లోకి లాగబాక" అని, ఇంకో నాలుగు మురుకులు గుప్పిట్లో పట్టుకుని టీవీ ముందుకు వెళ్ళినాడు. కరెంటు లేదని గుర్తొచ్చి అక్కడే కూర్చుని కరకరా నమిలినాడు. ఆ కరకర వింటూ సుకన్య మనసులో అనుకుంది, దొంగసొత్తని తెలిసినాక కూడా ఎంత ధైర్యంగా తింటున్నాడు ఈ మనిషి! ఇతనికి నోరు ఆడటానికి అడ్డం వచ్చేదేదీ ఈ ఇంట్లో లేదు.

ఆదివారం రాత్రికి కరెంటు వచ్చింది. సీసాలో వెన్న కిందినుంచి మూడో గీత దగ్గర ఉంది. సోమవారం పొద్దున ఏడింటికి ఫోను వస్తుంది.

ఉపాయం దివ్యశ్రీదే. సోమవారం తెల్లారి సుకన్య చిలుకుతుంటే ఎదురుగా గొంతుకూర్చుని చెప్పింది. "మా, సీసా నడుమ స్టీలు గ్లాసులు బోర్లా పెడదాం, ఒకదాని మీద ఒకటి. చుట్టూ గాజుకు ఆనించి వెన్న మెత్తుదాం. బయటికి నిండుగా కనిపిస్తాది. అవ్వకు ఏం తెలుస్తాది?" భలే ఉంది! సుకన్యకు నవ్వు ఆగలేదు. గ్లాసులు పెట్టినారు. పాత వెన్న, ఆ పొద్దు చిలికిన కొత్త వెన్న కలిపి గాజు లోపలివైపు మెత్తినారు. పదకొండో గీతదాకా తెల్లగా, నిండుగా, నిజంగానే ఎవరూ పోల్చలేరు. "ఈడ కొంచెం గుంట ఉండాది మా, సర్దు" అంది పిల్ల, కిసుక్కున నవ్వుతూ. సుకన్య వేళ్ళతో ఆ గుంటను నున్నగా సర్దింది.

సర్దుతున్న వేళ్ళు ఆగిపోయినాయి.

ఈ పని ఆమెకు తెలుసు. పదిహేడేళ్ళ కింద ఉసిరికాయంత గుంటను ఇలాగే నున్నగా సర్దింది. ఇవే వేళ్ళు, ఇదే మెళకువ. అప్పుడు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు పక్కన నిలబడి, గుంట ఎక్కడుందో చూపిస్తోంది. దీనికి నేనేం నేర్పిస్తున్నాను? వండటం నేర్పించినాను, బాగుంది. వేడిగా తినటం నేర్పించినాను, బాగుంది. ఇప్పుడు ఇంట్లో తన వస్తువును తాను దొంగిలించి, ఆ దొంగతనాన్ని నున్నగా సర్దుకోవడం కూడా నేర్పిస్తున్నానా? రేపు దాని అత్తగారింట్లో ఇంకో సీసా, ఇంకొన్ని గీతలు, ఇదే గ్లాసు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగినాయి.

ఫోను మోగింది.

తెరమీద ముందు ఫ్యాను, తర్వాత ప్రమీలమ్మ గడ్డం, తర్వాత ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ. ఈ పూట ఫోను ఆవిడే పట్టుకున్నట్టుంది.

"సీసా చూపిచ్చు."

సుకన్య ఫోనును ఉప్పుజాడీకి ఆనించి నిలబెట్టింది. సీసాను దాని ముందు పెట్టింది. "ఆఁ, నిండుగా ఉండాది" అంది ప్రమీలమ్మ తృప్తిగా. దివ్యశ్రీ పక్కనుంచి బొటనవేలు ఎత్తి చూపించింది. సుకన్య సీసాలో చెయ్యి పెట్టి పై గ్లాసు లాగింది. తర్వాత కింది గ్లాసు. చుట్టూ మెత్తిన వెన్న చప్పున లోపలికి కూలిపోయింది. ఎర్రగీతలన్నీ ఉత్త గాజు మీద మిగిలినాయి.

"ఇదేంది?" అంది ప్రమీలమ్మ.

"వెన్న అయిపోయింది అత్తా."

"అయిపోయిందా! యాడికి పోయినాది?"

"రొట్టెల మీదికి పోయింది. దోసెల్లోకి, పప్పులోకి పోయింది. మురుకులు చేసినాను, బిస్కెట్లు చేసినాను. నేను తిన్నాను, పాప తినింది, తిరుపాలమ్మ తినింది, మీ అబ్బాయి కూడా తిన్నాడు."

"ఎవర్నడిగి?"

సుకన్య గ్లాసులు రెండూ ఫోను ముందు పెట్టింది. "ఎవర్నీ అడగలా. చిలికింది నేను, వాడింది నేను. దొంగతనం చెయ్యలేదత్తా. చెయ్యాలనుకుంటే ఈ గ్లాసులు సీసాలోనే ఉండేవి, మీకు తెలిసేదే కాదు. నెయ్యి మీరే కాయండి, ఆ చెయ్యి మీదే. గీతలు మాత్రం రేపట్నుంచి నేను గీయను."

వసారాలోంచి రాజమోహన్ దగ్గు వినిపించింది, మనిషి మాత్రం రాలేదు. దివ్యశ్రీ అమ్మ కొంగు పట్టుకుంది. తెరమీద గడ్డం పోయి మళ్ళీ ఫ్యాను కనిపించింది. అది తిరుగుతూనే ఉంది. సుకన్యకు ఎగిరి గంతేయాలని ఉంది. చెప్పేసింది! ఇక అత్త ఏమన్నా సరే, చెప్పడమైతే అయిపోయింది.

చాలాసేపటికి ఫ్యాను పక్కకు జరిగి, ఆకుపచ్చ గుడ్డ చాలా దగ్గరగా వచ్చింది. ప్రమీలమ్మ గొంతు గుసగుసలోకి దిగింది.

"పెద్దకోడలు స్నానానికి పోయినాది, తొందరగా చెప్పు. మురుకులా చేసినావు?"

"అవునత్తా."

"వెన్న ముందే రుద్దినావా, నీళ్ళు పోసినాకనా?"

"ముందే."

"అట్టనే చెయ్యాల. మా అమ్మ అట్టనే చేసేది." ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. "ఈడికొచ్చినాక మళ్ళా తినిందే లేదు. ఈ ఇంటికి కాదు, మీ ఇంటికి... మన ఇంటికి. పెళ్ళైనాక." ఇంకా దగ్గరికి వచ్చింది గుడ్డ. "మిగిలినాయా?"

సుకన్యకు ఒక్క క్షణం ఏం వినిపించిందో అర్థం కాలేదు. అర్థం అయినాక ఫోను చేతిలోకి తీసుకుంది. నెయ్యి కాచే చెయ్యి కూడా ఇన్నేళ్ళూ నోటిదాకా పోలేదన్నమాట.

"ఉండాయత్తా. రెండు డబ్బాలు."

"నాకో నాలుగు దాచిపెట్టు. రాజా కంటబడకుండా, బియ్యం డ్రమ్ములో యాడైనా."

"దాచనత్తా," అంది సుకన్య. "డబ్బా మూత తీసి హాల్లో టేబుల్ మీద పెడతా, అందరి ముందరా కూచుని తిందురుగాని రాండి."